మబ్బుగారి నీడ

ఫొటోల పిచ్చి ఉన్నవాళ్లు ఎండ కోసం పడిచస్తారు. అందులో రైళ్ల ఫొటోలు తీసేవాళ్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు. సూర్యుడు వీపు వెనకే ఉండాలి, ఇంజన్ మొహం వెలుగులో ఉండాలి, పొగ చిక్కగా లేవాలి, వెనకాల ఫ్యాక్టరీ గొట్టాలు బారులు తీరి కనబడాలి. ఇవన్నీ ఒక్క క్షణంలో కుదరడం కోసం ఇల్లూ వాకిలీ మరిచిపోయి కంచెల పక్కనా, బొగ్గు గుట్టల మీదా గంటల తరబడి కాపలా కాస్తారు. పోనీ అంత కష్టపడి తీసేది మనుషులెక్కే రైలునా అంటే అదీ కాదు. ఉక్కు ఫ్యాక్టరీ లోపల కొలిమి నుంచి, ఇనుము కరిగాక మిగిలే చిట్టెం మోసుకుపోయి దిబ్బ మీద పారబోసే తుప్పుపట్టిన బండ్లను.

ఈ పిచ్చివాళ్ల గుంపులో ఒకాయన మాత్రం మబ్బు పడితే తప్ప కెమెరా బయటికి తీయరు. ఆకాశం నల్లబడగానే మిగతావాళ్లంతా ఉసూరుమంటూ ఇంటిదారి పడితే, ఆయన అప్పుడే సంచీ భుజాన వేసుకుని ఎదురొస్తారు. అందుకే మబ్బుగారని పేరు పెట్టారు. ఆ పేరు ఎంతగా అతుక్కుపోయిందంటే, బజారు చివర ఆయన నడిపే కళ్లజోళ్ల షాపుకు వచ్చేవాళ్లు కూడా "మబ్బుగారున్నారా" అనే అడుగుతారు. మబ్బు వెలుతురులోనే ఇనుము అసలు రంగు తెలుస్తుందని, నీడలు అడ్డురావని ఆయన చెప్తుంటే కొత్తగా కెమెరా కొన్నవాళ్లు నోళ్లు తెరుచుకుని వింటారు. మొదటి మాట ఎంతవరకు నిజమో గానీ, రెండోది మాత్రం నిజం.

ఎండ కాసే రోజున ఆయన గొడుగు లేకుండా గుమ్మం దిగరు. "మహారాజుగారి ఒళ్లు కందిపోతుంది మరి" అని ఇల్లాలు ఎత్తిపొడుస్తూనే ఉంటుంది. గొడుగు కింద నడిచే మనిషి నీడ గొడుగు నీడలో కలిసిపోతుంది. గుండ్రంగా ఉంటుంది, దానికి చేతులుండవు. ఈ సంగతి ఆయన పంతొమ్మిదేళ్లుగా ఇల్లాలికి కూడా చెప్పలేదు.

ఆ రోజు మధ్యాహ్నం షాపులోకి వచ్చిన అమ్మాయికి పాతికేళ్లు దాటి ఉంటాయి. ముదురు నీలం చొక్కా, మోచేతుల దాకా మడిచిన చేతులు, గోళ్ల సందుల్లో సబ్బుకు లొంగని నలుపు. "ఫ్యాక్టరీలో ఇంజన్ డ్రైవర్ని సార్. ఏడాదికోసారి కళ్ల పరీక్ష కాగితం ఇవ్వాలట" అంది.

మబ్బుగారు కుర్చీలో కూర్చోబెట్టి, అద్దం మీద అక్షరాలు చదివించారు. అడుగున ఉన్న చీమతల వరస కూడా గడగడా చదివేసింది. రంగుల చుక్కల పుస్తకం తిరగేస్తే ఒక్క అంకె తప్పలేదు.

"నీలాంటి వాళ్లు నలుగురొస్తే నా షాపుకు తాళమేనమ్మా" అన్నారాయన కాగితం రాస్తూ.

ఆ అమ్మాయి నవ్వలేదు. గోడ మీది ఫొటోల దగ్గరికి వెళ్లి నిలబడింది. చిట్టెం బండ్లు, నీళ్ల టాంకీ, రెండు పట్టాలు విడిపోయే చోట పొట్టి ఇంజన్. "ఇది మా యార్డే కదా. ఇవన్నీ మీరే తీశారా? అయితే మా నాన్న మీకు తెలిసే ఉంటాడు. ఈల మేస్త్రి అనేవాళ్లు."

మబ్బుగారి చేతిలో కలం ఆగిపోయింది.

"అమ్మ చెప్పేది. ఫొటోల బాబాయ్ ఒకాయన వచ్చేవారని, నాన్నతో టీ తాగుతూ గంటలు గంటలు ఇంజన్ల గురించే మాట్లాడేవారని. మీరేనా బాబాయ్?" సార్ కాస్తా ఒక్క నిమిషంలో బాబాయ్ అయిపోయారు.

"నేనేనమ్మా" అన్నారు. కాదనడానికి నోరు రాలేదు.

"మా ఇంట్లో ఆయన ఫొటో పెళ్లిదొక్కటే ఉంది. అందులో దొంగతనం చేసి పట్టుబడ్డట్టు బిక్కచచ్చిపోయి ఉంటాడు. పనిలో ఉండగా తీసింది మీ దగ్గర ఒక్కటైనా ఉందేమో చూస్తారా? అమ్మకు చూపిస్తాను."

"వెతకాలి. పాత రీళ్లు చాలావరకు పాడైపోయాయి." అబద్ధం చెప్పడం ఆయనకు కొత్తేమీ కాదు. ఈల మేస్త్రి పోయిన పదిహేను రోజులకు అతని భార్య ఈ గుమ్మంలోనే నిలబడి, ఆ రోజు మీరు యార్డులో ఉన్నారా, ఏమైనా చూశారా అని అడిగితే, ఆ వారం నేను ఊళ్లోనే లేనని చెప్పి పంపేశారు. ఆమె ఫ్యాక్టరీ క్వార్టర్స్ ఖాళీ చేసి, పిల్లను తీసుకుని అన్నగారింటికి వెళ్లిపోయింది. ఆ పిల్లే ఇప్పుడు ఇదే ఫ్యాక్టరీలో ఉద్యోగం సంపాదించుకుని వచ్చి, ఆయన షాపులో నిలబడి ఉంది.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నా ఆ అమ్మాయి కదల్లేదు. "ఉద్యోగంలో చేరిన వారం జాగ్రత్తల క్లాసు పెడతారు బాబాయ్. అందులో బోర్డు మీద బొమ్మ గీసి ఒక కథ చెప్తారు. బండి కదపమని డ్రైవర్‌కు తనే చెయ్యెత్తి చూపించి, గొలుసు సరిగా పడలేదని గుర్తొచ్చి మళ్లీ తనే మధ్యలోకి దూరిన షంటర్ కథ, అదే, ఇంజన్‌కు బండ్లు తగిలించేవాడి కథ. పేరు చెప్పరు. చెప్పకపోతే నాకు తెలీదా? ఇంత బుద్ధిలేని పని ఎవరైనా చేస్తారా అని నా పక్కనున్నవాడు నవ్వాడు. అందరితో పాటు నేనూ పాఠం అర్థమైందని సంతకం పెట్టి వచ్చాను."

మబ్బుగారు కళ్లజోళ్ల పెట్టె తుడుస్తున్నారు. తుడిచిందే తుడుస్తున్నారు.

"అమ్మది మాత్రం ఈ రోజుకీ ఒకటే మాట. ఈల వేయకుండా ఆయన చెయ్యెత్తడు అని. ఆ రోజు ఈల ఎవరికీ వినబడలేదు. అప్పటి డ్రైవర్, ముసలి తాత, తనకు చెయ్యి కనబడిందని ఒట్టేసి చెప్పాడు. చెయ్యి ఆయనది కాకపోతే మరి ఎవరిది? ఆకాశంలోంచి ఊడిపడిందా అని అమ్మను అందరూ నోరు మూయించారు." గోడ మీది ఇంజన్ వైపు తిరిగి అంది. "నేను చెయ్యి చూసి బండి కదపను బాబాయ్. ఈల కూడా వినాలి. మా షంటర్ విసుక్కుంటాడు. విసుక్కోనీ."

వెళ్లబోతూ గుమ్మంలో ఆగి, వచ్చే బుధవారం పొద్దున చిట్టెం బండికి ఆఖరి ట్రిప్పని, తర్వాత చిట్టెం అంతా కరెంటుతో కదిలే బెల్టు మీదే పోతుందని, పాసు తనే ఇప్పిస్తానని, ఫొటో తీయడానికి తప్పకుండా రమ్మని చెప్పింది. "నాన్నది దొరికితే అప్పుడు పట్టుకురండి."

ఆమె వెళ్లాక మబ్బుగారు షట్టరు సగానికి దించి కూర్చున్నారు.

పంతొమ్మిదేళ్ల కిందట ఆయనకు మబ్బుగారనే పేరు లేదు. అందరిలాగే ఎండ కోసం ప్రాణం పెట్టేవారు. పాసూ గీసూ లేకుండా కంచెలో కన్నం గుండా ఆయన్ని లోపలికి రానిచ్చేవాడు ఈల మేస్త్రి. ఇంజన్‌కు బండ్లు తగిలించడం, విప్పడం అతని పని. గొలుసు తగిలించి బయటికొచ్చి, మలుపులో గట్టు మీద నిలబడి చెయ్యి నిలువుగా ఎత్తితే డ్రైవర్ బండి కదుపుతాడు. ఫ్యాక్టరీ రూలు అంతవరకే. మేస్త్రి మాత్రం మెడలోని ఈల ఊదిగానీ చెయ్యెత్తేవాడు కాదు. కళ్లు మోసం చేస్తాయి, చెవుల సాక్ష్యం కూడా ఉండాలనేవాడు. కళ్లజోళ్ల వ్యాపారి ముందు కళ్లను అంత మాటంటావా అని ఈయన ఉడుక్కునేవారు.

ఆ రోజు కూడా ముందే చెప్పాడు. "మీరు ఎక్కడైనా నిలబడండి, ఏమైనా తీసుకోండి. చెయ్యి మాత్రం పైకెత్తకండి సార్."

పొద్దున్నే పల్చటి ఎండ. ఇంజన్‌నూ మొదటి బండినీ కలిపి పక్క నుంచి చూడగలిగే చోటు మలుపులో గట్టు ఒక్కటే. సూర్యుడు సరిగ్గా వీపు మీదికి వచ్చే చోటు కూడా అదే. మేస్త్రి రోజూ నిలబడే చోటు. ఈయన అక్కడ కాళ్ల స్టాండు వేసి, కెమెరా బిగించి, తీగ చివరి మీట కుడిచేతిలో పట్టుకుని నిలబడ్డారు. మేస్త్రి వంగి ఇంజన్‌కూ బండికీ మధ్యకు వెళ్లాడు. ఒక ఫొటో తీశారు. బ్రహ్మాండంగా వచ్చిందనిపించింది. రైళ్ల ఫొటోలు తీసేవాళ్లకు ఒక మర్యాద ఉంది. ఫొటో అయిపోగానే డ్రైవర్‌కు చెయ్యెత్తి థాంక్స్ చెప్తారు. ఎన్నో ఊళ్లలో, ఎన్నో కంచెల దగ్గర ఎత్తీ ఎత్తీ అలవాటైపోయిన చెయ్యి. ఎడమచెయ్యి దానంతటదే లేచింది.

డ్రైవర్ కళ్లలో ఎండ. గట్టు మీద, రోజూ మనిషి ఉండే చోట, నల్లగా ఒక మనిషి, నిలువుగా ఎత్తిన చెయ్యి. అతనికి కనబడింది అంతే.

ఇంజన్ ఒక్కసారి దగ్గి గుప్పున పొగ వదిలింది. తనకోసమే పొగ వదిలాడు, ఎంత మంచివాడు అనుకున్నారాయన. చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఆ సంతోషంలో కుడిచేతి మీట మళ్లీ నొక్కారు.

తర్వాత వినబడిన కేకను ఆయన ఎన్నడూ ఎవరి దగ్గరా ఎత్తలేదు. స్టాండు చంకలో పెట్టుకుని కంచె కన్నంలోంచి బయటపడ్డారు. ఆయన అక్కడున్నారని చెప్పగలిగిన మనిషి మేస్త్రి ఒక్కడే.

ఆ రీలు కడిగి ఒక్కసారి ప్రింటు వేసి చూశారు. పొగ, ఇంజన్, వంగిన వీపు. కింద కంకర మీద పొడుగ్గా సాగిన తన నీడ. నీడకు ఎత్తిన చెయ్యి. ఆ చేతి వేళ్లు సరిగ్గా మేస్త్రి వీపు మీద ఆనుకుని ఉన్నాయి. ప్రింటు కాల్చేశారు. నెగెటివ్ కాల్చడానికి మాత్రం చేతులు రాలేదు. పాత అద్దాల డబ్బాలో అడుగున పడేశారు.

నెల తర్వాత వేరే యార్డులో, ఎండలో రెండు ఫొటోలు తీశారు. కెమెరాను రెండు చేతులా గట్టిగా పట్టుకునే తీశారు. కడిగి చూస్తే రెండింట్లోనూ కంకర మీద నీడ ఎడమచెయ్యి ఎత్తి ఉంది. ఆ రోజు నుంచి మబ్బు కోసం చూడటం మొదలుపెట్టారు.

ఆదివారం పగలంతా మబ్బుగారు ఫొటోలు కడిగే గదిలోనే ఉన్నారు. ఇల్లాలు దానికి గబ్బిలాల గది అని పేరు పెట్టి చాలా ఏళ్లయింది. మేస్త్రి ఫొటో ఒకటుందని ఆయనకు గుర్తే. ప్రమాదానికి ఏడాది ముందు, ముసురు పట్టిన రోజున తీసింది. ఇంజన్ ముందు గుద్దుకోకుండా ఉండే బఫర్ మీద చెయ్యి ఆనించి, ఈల పెదాల మధ్య పెట్టుకుని, నవ్వు ఆపుకుంటున్నాడు. అది ఇస్తే చాలు. తల్లీ కూతురూ సంతోషిస్తారు, తనకూ పుణ్యం పురుషార్థం. ఎవరికి నష్టం?

ఎర్రలైటు కింద తొట్టిలో కాగితం ముంచి ఊపుతుంటే ముందు ఈల కనబడింది, తర్వాత కళ్లు. తర్వాత కంకర. కంకర మీద సన్నగా, పాకుతున్నట్టు ఏదో నలుపు తేలింది. భుజం, మోచెయ్యి, అరచెయ్యి. ముసురు రోజున, ఎండపొడ లేని ఫొటోలో.

మబ్బుగారు తొట్టి అంచు పట్టుకుని నిలదొక్కుకున్నారు. కాగితం తీసి, మందులో వేసి, లైటు వేసి, ఇల్లాలిని పిలిచారు.

ఆమె తడి కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చూసింది. "ఎంత కళగా ఉన్నాడు పాపం. ఆ ఈల మేస్త్రే కదూ?"

"కింద చూడు. నా నీడ కనబడుతోందా?"

"మబ్బు రోజు నీడెక్కడిదండీ? ఊరందరికీ జోళ్లు పెట్టి మీ కళ్లు మాత్రం గాలికొదిలేశారు." ఆమె నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. "ఏమైంది మీకు? ఒళ్లు బాగాలేదా?"

"ఏం లేదు" అన్నారు. ఆమె తలుపు దగ్గరగా వేసి వెళ్లింది. ఆయన అద్దాల డబ్బా దించి, అడుగు నుంచి నెగెటివ్ తీశారు. ఎందుకు తీశారో ఆయనకే తెలియదు. దాన్ని కూడా ప్రింటు వేశారు.

బుధవారం మబ్బు దట్టంగా పట్టింది. అమ్మయ్య అనుకున్నారు. సంచీ పై అరలో నవ్వుతున్న మేస్త్రి కవరు, అడుగున రెండో కవరు. మొదటిది ఇచ్చి, ఒక ఫొటో తీసి, తిరిగొచ్చేయాలి. అదీ ఆయన లెక్క. గేటు దగ్గర పాసు చూసి లోపలికి పంపారు గానీ గొడుగు మాత్రం తీసేసుకున్నారు. యార్డులోకి గొడుగు పనికిరాదట.

కంచె కన్నం ఎప్పుడో పూడ్చేశారు. మలుపులో గట్టు మాత్రం అలాగే ఉంది. పొట్టి ఇంజన్ ముందు ఎవరో సుద్దముక్కతో 'ఇక సెలవు' అని రాశారు. కిటికీలోంచి ఆ అమ్మాయి తల ఊపి పలకరించింది. ఆమె చెయ్యి ఊపదని ఆయన గమనించారు. బొద్దుగా ఉన్న నడివయసు షంటర్ ఆపసోపాలు పడుతూ వంగి, ఇంజన్‌కూ బండికీ మధ్యకు వెళ్లాడు.

మబ్బుగారు కెమెరాను రెండు చేతులా పట్టుకుని కన్ను ఆనించారు. సరిగ్గా అప్పుడే వీపు మీద వెచ్చగా తగిలింది.

మబ్బు చీలింది. ఆయన కాళ్ల దగ్గర నుంచి నీడ బయల్దేరి, గట్టు దిగి, కంకర మీద సాగి, పట్టా దాటింది. రెండు చేతులూ కెమెరా మీదే ఉన్నాయి. ఆ సంగతి ఆయనకు తెలుస్తూనే ఉంది, వేళ్ల కింద చల్లటి లోహం తగులుతూనే ఉంది. నీడలోంచి మాత్రం ఎడమచెయ్యి మెల్లగా విడివడి పైకి లేచింది. లేచి షంటర్ వీపును తాకింది.

ఆయన కెమెరా వదిలేసి గట్టు మీద బోర్లా పడిపోయారు. అరవై దగ్గరపడుతున్న మనిషి, కంకరలో మొహం పెట్టి, నీడ ఎంత చిన్నదైతే అంత మంచిదన్నట్టు ముడుచుకుపోయి, "కదపొద్దు, కదపొద్దు తల్లీ" అని గొణుగుతున్నారు.

ఇంజన్ కదల్లేదు. ఈల వినబడందే అది కదలదు. ఆ అమ్మాయి ఇంజన్ ఆపేసి, దిగి పరిగెత్తుకొచ్చింది. "బాబాయ్, ఏమైంది బాబాయ్? కళ్లు తిరిగాయా?" అంటూ రెండు చంకల కింద చేతులేసి కూర్చోబెట్టింది. నుదుటి మీద కంకర గీరుకుని రక్తం చెమ్మగిల్లింది. షంటర్ నీళ్ల సీసా కోసం వెళ్లాడు.

మబ్బుగారు సంచీ దగ్గరికి లాక్కున్నారు. పై అరలో కవరు చేతికి తగిలింది. దాన్ని తోసేసి అడుగున ఉన్నది తీసి ఇచ్చారు. అది ఆయన చేసిన పని. అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, ధైర్యం కాదు, ఇక మోయలేకపోవడమే.

చీమతల అక్షరాలు గడగడా చదివిన కళ్లు అవి. ముందు తండ్రి వీపు చూశాయి. ఆమె మొహం మెత్తబడింది. తర్వాత పొగ మీదికి వెళ్లాయి. తర్వాత కంకర మీదికి దిగి, అక్కడే ఆగిపోయాయి.

"ఈ చెయ్యి ఎవరిది?"

"నాదే."

"మీరు ఊళ్లో లేనని చెప్పారట కదా అమ్మకు."

"ఉన్నాను. ఇక్కడే నిలబడ్డాను. ఫొటో బాగా వచ్చిందని చెయ్యెత్తాను. ఎత్తొద్దని మీ నాన్న ముందే చెప్పాడు."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయనకు అనిపించింది. నీళ్ల సీసాతో వచ్చిన షంటర్ ఆమె మొహం చూసి దూరంగానే ఆగిపోయాడు.

"ఈల వినబడిందా?" అని అడిగింది చివరికి.

"లేదమ్మా. ఆయన వేయలేదు. ఆయన పని ఇంకా అవనేలేదు."

"ఇది మా అమ్మ ముందు చెప్పాలి. ఆ క్లాసులో, ఆ బోర్డు ముందు నిలబడి కూడా చెప్పాలి. మీ నోటితో మీరే."

"చెప్తాను."

ఆమె ఫొటోను కవరులో పెట్టి, చొక్కా లోపల దాచుకుంది. షంటర్‌ను పట్టాలకు దూరంగా వెళ్లి నిలబడమంది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"లేవండి సార్. ఇక్కడే నిలబడి చెయ్యెత్తండి. ఆ రోజు డ్రైవర్ తాతకు ఏం కనబడిందో నేను అక్కడి నుంచి చూడాలి."

బాబాయ్ మళ్లీ సార్ అయిపోయారు. ఆయన లేచి గట్టు మీద నిలబడ్డారు. ఆమె వెళ్లి ఇంజన్ ఎక్కి, పాత డ్రైవర్ కూర్చున్న చోటే కూర్చుంది. ఎండ సూటిగా ఆమె కళ్లలో పడుతోంది. కిటికీలో ఆమె కళ్లు చిట్లించడం ఆయనకు ఇక్కడి దాకా కనబడింది.

మబ్బుగారు ఎడమచెయ్యి నిలువుగా ఎత్తారు. కంకర మీద నీడ కూడా ఎత్తింది. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి, తను చేసిన పనే అది చేసింది. ఇంజన్‌కూ బండికీ మధ్య ఖాళీలో ఇప్పుడు ఎవరూ లేరు. నీడ వేళ్లు ఆ ఖాళీ కంకర మీద ఆగాయి.

భుజం లాగింది. చెయ్యి బరువెక్కింది. దించమంటుందేమోనని కిటికీ వంకే చూస్తూ నిలబడ్డారు. ఆమె చూస్తూనే ఉంది. ఆయన కూడా చెయ్యి దించలేదు.